శరదృతువున ఎడ్ల పనియు, వంటచెఱకు సంపాదనయు

వానలు వెనుకబట్టి ఆకాశము తేటపడినది మొదలు మంచు కురియనారంభించు వఱకు గల రెండు నెలల కాలము, అనగా ఆశ్వయుజ కార్తీకములు, మందమర్రి ప్రాంతపు పట్టాదారునకు ఎడ్లతో మిక్కిలి పని గల కాలము. వానకాలపు పంటను కళ్లమునకు చేర్చుట, యాసంగి భూమిని గుంటక తోలి విత్తుట, దిబ్బ ఎరువును చేనికి తోలుట, సాలుకు సరిపడు వంటచెఱకును ఇంటికి చేర్చుట అను నాలుగు పనులును ఒకే జత ఎడ్లపై ఒకేసారి పడును.

ఈ నాలుగింటిలో మొదటి మూడింటికి రైతు లెక్క వేసికొనును. నాలుగవదానికి లెక్క వేయడు. కట్టెలకు డబ్బు పెట్టలేదు గాన అవి ఊరక వచ్చినవని తలచును. కాని ఆ కట్టెలను లాగినది ఎద్దు. ఎద్దు బలము ఊరక వచ్చునది కాదు. కట్టెల బండి ముందు కట్టిన దినమున విత్తనపు గొర్రు నిలిచిపోవును. ఆ దినములలో భూమి పదును ఆరిపోయెనేని మరల వాన వచ్చు నమ్మకము లేదు. కావున కట్టెలను ఎప్పుడు కొట్టవలెను, ఎప్పుడు తోలవలెను, ఏవి పొయ్యికి పెట్టవచ్చును, ఏవి పెట్టరాదు అను విషయములు ఈ కరపత్రమున వివరింపబడుచున్నవి.

ట్రాక్టరు వచ్చిన పిమ్మట దుక్కి పని చాలవఱకు దాని పాలయినది. అయినను చిన్న కమతములలో గొర్రుతో విత్తుట, దంతె తోలుట, బాట లేని చేనికి ఎరువు చేర్చుట, కట్టెలు తెచ్చుట మొదలగు పనులు ఎడ్లతోనే జరుపుకొను రైతులు ఇంకను కలరు. అట్లే 1999లో దీపము పథకము వలనను, 2016 నుండి ఉజ్జ్వల పథకము వలనను పల్లెలకు గ్యాసు పొయ్యి వచ్చినది. కాని స్నానమునకు నీళ్లు కాచుటకును, పశువులకు కుడితి కాచుటకును, పెండ్లి వంటలకును కట్టె పొయ్యిని విడువని యిండ్లు అనేకములు. కాబట్టి ఈ విషయము పాతబడినది కాదు.

ఎద్దు బలమునకు గల కొలత

పని చేయు పశువు తన బరువులో సుమారు పదియవ వంతు బలముతో గంటల తరబడి లాగగలదు. అంతకు మించిన బలమును కొంతసేపు చూపగలదే గాని నిలుపుకొనజాలదు. ఒక్కొక్కటి 350 కిలోల బరువు గల ఎడ్ల జత మొత్తము 700 కిలోలు. అనగా అవి నిలకడగా లాగు బలము 70 కిలోలు. పదును గల నేలలో గుంటకయు, గొర్రును ఈ బలమునకు లోబడియే నడుచును. పదునారి గట్టిపడిన రేగడిలో నాగలి ఇంతకు మించి కోరును. అందుచేతనే ఒక వారము ఆలస్యమైన దుక్కి ఎడ్లకు రెండింతల శ్రమ కలిగించును.

శీతల దేశములలో ఈ పనులన్నియు గుఱ్ఱములతో జరిగెడివి. ఇంగ్లండు నందు షైరు జాతి, ఫ్రాన్సు నందు పెర్షెరాను జాతి గుఱ్ఱములు నాగళ్లను, కట్టెల బండ్లను లాగినవి. అవి ఎద్దు కంటె వేగముగ నడుచును, బరువున రెండింతలు పైగా తూగును. కాని గుఱ్ఱము నెమరు వేయునది కాదు. గడ్డితో మాత్రమే బరువు పనికి నిలువదు, దానికి ధాన్యపు దాణా తప్పదు. హైదరాబాదు సంస్థానమున గుఱ్ఱము స్వారికిని, జట్కాకును పరిమితమై, సేద్యమునకు ఎద్దే నిలిచినది. చొప్పను, వరిగడ్డిని తిని వానిని బలముగా మార్చుకొనుట ఎద్దుకు గల గొప్ప గుణము.

అయితే ఆ గుణమునకు ఒక నియమము కలదు. ఎద్దు మేసినంత మాత్రమున చాలదు. మేసిన దానిని తీరికగా నెమరు వేయవలెను. నెమరునకు దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు పట్టును. తెల్లవారి నాగలి, మధ్యాహ్నము ఎరువు బండి, సాయంకాలము కట్టెల బండి అని విశ్రాంతి లేక కట్టినచో మేత కడుపులో నుండియు ఒంటికి పట్టదు. అట్టి ఎద్దు మార్గశిరము నాటికి ఎముకలు తేలును. రైతు దాణా చాలలేదనుకొనును గాని నిజముగా చాలనిది తీరిక.

పని పశువుల విషయమై 1965లో చేయబడిన నిబంధనల ప్రకారము దినమునకు తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదు. విరామము లేక అయిదు గంటలకు మించి కట్టరాదు. ఎండ 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల వఱకు పని పెట్టరాదు. ఇది గరిష్ఠ పరిమితియే గాని దినచర్య కాదు. ప్రాతఃకాలమున మూడు గంటలు, మూడవ జాము తరువాత మూడు గంటలు, వెరసి ఆరు గంటలు దుక్కి పనికి చాలును.

పచ్చికట్టెలో నీరు ఎంత

అప్పుడే కొట్టిన కట్టె బరువులో ఇంచుమించు సగము నీరు. వానలు వెళ్లిన క్రొత్తలో చెట్లు నిండుగా రసము పట్టి యుండును. కావున ఆశ్వయుజమున కొట్టిన కట్టెను ఆనాడే బండికెత్తిన రైతు, 500 కిలోల బరువులో 250 కిలోల నీటిని తన ఎడ్లచేత లాగించుచున్నాడు. అదే కట్టె చీల్చి ఆరబెట్టి ఎండిన పిమ్మట దానిలో నిలుచు నీరు ఆరవ వంతునకు మించదు.

దీనిని లెక్కగా చూడవలెను. అయిదు బండ్ల పచ్చికట్టె 2,500 కిలోలు. అందలి నీరు పోయి ఎండినచో మిగులునది ఇంచుమించు 1,500 కిలోలు, అనగా మూడు బండ్లు. పొయ్యికి చేరు కట్టె రెండు విధముల అంతే. తేడా యెల్ల రెండు బండ్ల తోలకము. అడవి అంచు పొలము నుండి ఊరికి పోయి వచ్చుటకు పూట పట్టినచో రెండు తోలకములకు ఒక దినము. ఆ ఒక దినమున అదే జత గొర్రుతో రెండు మూడెకరముల సెనగలు విత్తగలదు.

బాట సంగతి కూడ గమనింపదగినది. గట్టిపడిన బాటపై 500 కిలోల బరువుతో బండిని లాగుటకు ముప్పది, నలువది కిలోల బలము చాలును. చక్రము దిగబడు బురద బాటలో అదే బండికి మూడు, నాలుగు రెట్లు బలము కావలెను. అది పైన చెప్పిన 70 కిలోల కొలతను మించిపోవును. ఆశ్వయుజమున ఈ ప్రాంతపు రేగడి బాటలు ఇంకను ఆరవు. అనగా ఆ మాసమున కట్టెలు తోలువాడు బరువైన కట్టెను బరువైన బాటపై లాగించుచున్నాడు. ఎడ్ల మెడలపై పుండ్లు పుట్టుట, గిట్టలు చీలుట, కాళ్లు బెణుకుట తఱచుగా ఈ దినములలోనే జరుగును.

పొయ్యిలో సైతము పచ్చికట్టె నష్టమే. అందలి నీరు ఆవిరి కావలసినంత వేడి వంటకు దక్కక పోవును. బరువునకు బరువు చూచినచో పచ్చికట్టె ఇచ్చు వేడి ఎండుకట్టె ఇచ్చు వేడిలో సగమే. మంట సరిగా అంటక పొగ ఎక్కువగును. ఆ పొగ దినదినము ఇల్లాలి కన్నులకు, రొమ్మునకు హాని చేయును. పొయ్యి యొద్ద ఆడుచుండు పసిపిల్లలకు అంతకంటె హాని.

కావున చేయవలసినది ఇది. కట్టెను విత్తుటకు ముందు తీరిక దొరికినప్పుడు కొట్టవలెను గాని తోలరాదు. గండ్రగొడ్డలితో మూరెడు, మూరెడున్నర తుండెములుగా కొట్టి, లావు తుండెములను చీల్చవలెను. గట్టుమీద రాళ్లు పరచి, వానిపై అడ్డదిడ్డముగా గాలియాడునట్లు పేర్చవలెను. కార్తీకమున వీచు ఎండుగాలి కూలి లేకయే నీటిని తీసికొనిపోవును. విత్తనము ముగిసి బాట గట్టిపడిన పిమ్మట, మార్గశిరమున ఇంటికి తోలవలెను. తుండెము చివర బీటలు వారి, రెండు తుండెములను కొట్టినప్పుడు ఖంగుమని మ్రోగినచో ఎండినట్లు గుర్తు.

ఏ చెట్టును కొట్టవలెను

మొదట పొలము గట్లమీది చెట్లనే చూడవలెను. నల్లతుమ్మ, కానుగ, వేప, సుబాబులు ఇవి కొమ్మలు నఱికిన చోట మరల చిగురించు జాతులు. మొదలంట కొట్టక, మనిషి ఎత్తున కొమ్మలు మాత్రము తీసినచో రెండు మూడేండ్లకు తిరిగి కట్టె ఇచ్చును. చెట్ల నన్నిటిని ఒకే సాలున మొట్టగొట్టక, మూడు భాగములుగా చేసి సాలుకు ఒక భాగము చొప్పున వంతు పెట్టుకొనవలెను. కానుగ, సుబాబులు కొమ్మల ఆకు ఊరక పోరాదు. కానుగాకు వరి మడికి పచ్చి ఎరువు. సుబాబులాకు పశువులకు మేతయే గాని ఎక్కువ పెట్టినచో హాని, కావున ఇతర మేతలో కొద్దిగా కలిపి పెట్టవలెను.

సర్కారుతుమ్మ కనబడిన చోటనెల్ల కొట్టవచ్చును. దాని కట్టె గట్టిది, నిలిచి మండును. పొలమున పాకిపోవు చెట్టు గనుక దానిని వేరుతో పెకలించుటయే మేలు. ముండ్లు విషపూరితములు గాన కొమ్మలను ఎడ్లు త్రొక్కు చోట పడవేయరాదు. ఇప్పచెట్టును కట్టె కొఱకు కొట్టరాదు. ఏటేట పువ్వును, గింజను ఇచ్చు చెట్టును ఒక నెల పొయ్యికి పెట్టుట లాభము కాదు. మోదుగ కట్టె తేలిక, త్వరగా కాలి పోవును. చిరుమాను, నల్లమద్ది కట్టె మేలైనవే గాని అవి అడవి చెట్లు.

అడవి విషయమున రైతు మిక్కిలి జాగరూకుడై యుండవలెను. ఈ ప్రాంతపు అడవులలో పెద్దభాగము రిజర్వు అడవి. మంచిర్యాల జిల్లాలోని జన్నారము వైపు అడవి 2012లో ప్రకటింపబడిన కవ్వాల పెద్దపులుల అభయారణ్యములోనిది. 1967 నాటి అటవీ చట్టము ప్రకారము అనుమతి లేక కట్టె కొట్టి తోలినచో కట్టెతో పాటు గొడ్డలిని, బండిని, బండికి కట్టిన ఎడ్లను సైతము పట్టుకొనవచ్చును. విత్తు దినములలో ఎడ్లు పోయి కచేరీ చుట్టు తిరుగు రైతునకు కలుగు నష్టము ఆ బండెడు కట్టె ఖరీదు కంటె ఎన్నో రెట్లు. సొంత పట్టా భూమిలోని చెట్టును మొదలంట కొట్టుటకు సైతము 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి కావలసి యుండును. కావున గొడ్డలి పట్టుకు మునుపు అటవీ అధికారులను విచారించుట శ్రేయస్కరము.

బండి, కాడి, మెడ

తోలకమునకు ముందు బండిని పరీక్షింపవలెను. ఇరుసునకు కందెన లేనిచో ఎద్దు బలములో కొంత భాగము ఇరుసు ఒరపిడికే పోవును. కట్టె చక్రమునకు ఇనుప పట్టా వదులై యున్నదేమో చూడవలెను. వానకాలమున తడిసి ఉబ్బిన చక్రము ఎండకు కుంచించినప్పుడు పట్టా జారుట కలదు.

బరువు ఎత్తునప్పుడు ఇరుసునకు ముందు వెనుకలు సమముగా నుండవలెను. ముందు బరువెక్కువైనచో కాడి ఎడ్ల మెడలను అణచును. వెనుక బరువెక్కువైనచో నొగ పైకి లేచి పలుపులు ఎడ్ల గొంతును బిగించును. పొడుగు తుండెములను క్రింద, పొట్టివానిని పైన పేర్చి, మోకుతో బిగింపవలెను. పల్లమున దిగునప్పుడు బండి ఎడ్లమీదికి ఉరకకుండ వెనుక నొక మనిషి చక్రమునకు అడ్డుకఱ్ఱ పట్టి నడువవలెను.

కాడి మెడపై ఆను చోటు నునుపుగా నుండవలెను. పగిలిన కాడి, ముడి గల కాడి, ఎత్తు సమము కాని జత, ఈ మూడును మెడపుండునకు కారణములు. దినము పని ముగిసిన వెంటనే మెడను చేతితో తడిమి చూడవలెను. వేడిగా, వాపుగా తోచిన యెడల మఱునాడు కాడి కట్టరాదు. రెండు దినముల విశ్రాంతితో పోవు వాపు, పని చేయించినచో పుండై ఇరువది దినములు ఎద్దును కట్టుగొయ్యకు కట్టివేయును. పుండు పడినచో పొటాషు పర్మాంగనేటు కలిపిన లేతగులాబి నీటితో కడిగి, ఈగ వ్రాలకుండ చుట్టును వేపనూనె పూసి, పశువైద్యునకు చూపవలెను.

మందమర్రి, రామకృష్ణాపురము, శ్రీరాంపురము వైపు బాటలపై బొగ్గు లారీలు రేయింబవళ్లు తిరుగుచుండును. చీకటి పడిన పిదప కట్టెల బండి లారీ నడుపువానికి కనబడదు. పొడుగు తుండెములు బండి వెనుకకు చొచ్చుకొని వచ్చినచో ప్రమాదము రెండింతలు. కావున ప్రొద్దుగూకక మునుపే ఇల్లు చేరవలెను. బండి వెనుక పలకకు వెలుతురు పడిన మెఱయు ఎఱ్ఱ పట్టీని అంటింపవలెను. దాని వెల అతిస్వల్పము.

పత్తికట్టె విషయమై హెచ్చరిక

ఎకరము పత్తిచేనిలో సుమారు ఒక టన్ను కట్టె దొరకును. తోలకము దగ్గర, కొట్టు శ్రమ తక్కువ గాన రైతులు దీనిని పీకి ఇంటి ప్రక్క వామి వేసి ఏడాది పొడుగున కాల్చుకొనుచుందురు. ఈ అలవాటు చేనికి చేటు తెచ్చుచున్నది.

పత్తికట్టెకు విచ్చని కాయలు, ఎండు గుబ్బలు మిగిలి యుండును. గులాబి రంగు కాయతొలుచు పురుగు ఆ కాయలలోను, గింజలలోను దాగి వేసవి యంతయు నిద్రించును. వానలు పడినంతట రెక్కలపురుగై లేచి, అప్పుడే పూతకు వచ్చు క్రొత్త పత్తిపై గ్రుడ్లు పెట్టును. మన దేశమున 2002లో బి.టి. పత్తి వచ్చినప్పుడు ఈ పురుగు అణగినది. కాని కొన్ని యేండ్లకే అది ఆ విషమునకు తట్టుకొను శక్తిని గడించి తిరిగి లేచినది. కావున ఇప్పుడు విత్తనముపై భారము వేసి ఊరకుండరాదు. రైతు తన ఇంటి ప్రక్క వామిలో దానికి ఆశ్రయమిచ్చుచున్నంత కాలము, మందుకు పెట్టిన రొక్కము వ్యర్థము. ఒక ఇంటి వామి నుండి లేచిన పురుగు ఊరందఱి చేలకు పోవును.

పత్తి పంటను ఇంచుమించు డిసెంబరు చివరకు ముగింపవలెను. చివరి ఏరుడు తరువాత కొన్నాళ్లు గొఱ్ఱెలను, మేకలను చేనిలో వదలినచో మిగిలిన కాయలను తినివేయును. పిమ్మట కట్టెను పీకి, యంత్రముతో ముక్కలు చేసి నేలలో కలియదున్నుట అన్నిటికంటె మేలు. వంటకు వాడక తీరని వారు కాయలన్నిటిని రాల్చి మొదటనే కాల్చివేసి, ఆ కట్టెను అందఱికంటె ముందు పొయ్యికి పెట్టవలెను. వేసవి చివరకు ఒక్క మోపైనను మిగులరాదు.

కందికట్టెకు ఈ భయము లేదు. అది తేలిక, త్వరగా అంటుకొనును. తుమ్మకట్టెకు చిదుగుగా వాడినచో కిరసనాయిలు అవసరము ఉండదు. మొక్కజొన్న బెండ్లు సైతము మంచి చిదుగు.

పేడను పొయ్యికి పెట్టుట

కట్టె చాలని యింట పిడకలు వచ్చును. ఒక ఎద్దు దినమునకు సుమారు 10 కిలోల పేడ వేయును. జతకు సాలుకు 7,000 కిలోలకు పైగా నగును. బాగుగా మాగిన దిబ్బ ఎరువు ఒక టన్నులో 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరము, 5 కిలోల పొటాషు ఉండును. నాలుగు టన్నుల ఎరువులోని నత్రజని 45 కిలోల యూరియా సంచి ఒకదానికి సరిపోవును. యూరియాలో లేనిదియు, ఎరువులో నున్నదియు నేలను గుల్లపఱచి పదును నిలుపు గుణము. చల్క, దుబ్బ నేలలకు ఈ గుణమే ప్రాణము.

పిడకను కాల్చినప్పుడు నత్రజని పొగలో పోవును. బూడిదలో పొటాషు, సున్నము, కొంత భాస్వరము మాత్రము మిగులును. అనగా రైతు ఒక పూట వంటకు చేనికి దక్కవలసిన బలమును కాల్చివేసి, మరల దుకాణమున దానినే కొనుచున్నాడు. కట్టెల చెట్టును గట్టున నాటిన రైతు నిజమునకు ఎరువునే మిగుల్చుకొనుచున్నాడు.

ఇండోరు సంస్థానమున ఆల్బర్టు హోవార్డు 1924 మొదలు 1931 వఱకు పరిశోధించి, పేడను, పశువుల మూత్రము పీల్చిన మట్టిని, చెత్తను, ఆకులను పొరలుగా వేసి తిరుగబోయుచు కొద్ది నెలలలో మంచి ఎరువు చేయు పద్ధతిని లోకమునకు తెలిపెను. మూత్రము నేలలో ఇంకిపోనీయక, కొట్టములో పొట్టు లేక వరిగడ్డి పరచి, తడిసినదానిని దినదినము గుంతలో వేయుట అందు ముఖ్యము. నాలుగు పశువులు గలవారు గోబర్ గ్యాసు పెట్టుకొనుట మఱింత లాభము. ఒక ఘనమీటరు గ్యాసునకు దినమునకు సుమారు 25 కిలోల పేడ కావలెను. మంట మండిన తరువాత కూడ ఎరువు ఎరువుగనే దక్కును.

రాతిబొగ్గు

రాతిబొగ్గు ఈ ప్రాంతమునకు దగ్గఱి వస్తువు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడగు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు (దక్కను) కంపెనీ ఏర్పడెను. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ పేరు వచ్చెను. 1929లో కాజీపేట, బల్హార్షా రైలు మార్గము పూర్తియగుటతో గోదావరికి ఉత్తరమునగల బెల్లంపల్లి, మందమర్రి ప్రాంతము గనులకు తావయ్యెను. 1945లో సంస్థాన ప్రభుత్వము కంపెనీలో పెద్ద వాటాను కొనెను. గనుల యొద్ద నుండు ఊళ్లలో బొగ్గు పొయ్యి అలవాటు ఇట్లు వచ్చినది.

బొగ్గు వాడువారు మూడు సంగతులు మఱువరాదు. మొదటిది ప్రాణము సంగతి. చలిదినములలో బొగ్గు కుంపటిని గదిలో పెట్టి తలుపులు మూసి పరుండరాదు. ఎఱ్ఱగా కణకణలాడుచు పొగ లేని కుంపటి నుండియే రంగు, వాసన లేని విషవాయువు వెలువడును. నిద్రించువారు మేల్కొనరు. కట్టెబొగ్గు కుంపటియు ఇట్టిదే. పశువుల కొట్టములో నిప్పు పెట్టి మూయుటయు ఇట్టిదే.

రెండవది, బొగ్గు కుప్ప గాలి తగిలి తనంతట తాను వేడెక్కి అంటుకొనుట కలదు. గడ్డివాము, కట్టెల వామి ప్రక్కన బొగ్గు నిలువ చేయరాదు. మూడవది, కట్టె బూడిద చేనికి మేలు చేయును గాని రాతిబొగ్గు బూడిద చేయదు. అందు పొటాషు స్వల్పము, మట్టి అధికము. దానిని ఎరువు గుంతలో కలుపరాదు. ఇక గని హద్దులోను, రైలు కట్ట ప్రక్కను బొగ్గు ఏరుట నేరమును, అపాయమును అని వేరుగ చెప్పనక్కఱ లేదు.

మేతయు, రోగములును

ఈ ఋతువున ఎద్దును చంపు మేత ఒకటి కలదు. కోసిన జొన్న మోళ్లనుండి వచ్చు పిలకలలోను, వాన లేక గిడసబారిన లేత జొన్నలోను విషము చేరును. రైతులు దీనినే నాము అందురు. పని విడిచి ఆకలితో నున్న ఎద్దు అట్టి చేనిలో పడినచో కొద్ది నిమిషములలో రొప్పి, తూలి, పడిపోవును. వెంటనే పశువైద్యుడు సోడియము థయోసల్ఫేటు సూది వేసినచో బ్రదుకుట కలదు. కాని వైద్యుడు వచ్చులోపలనే ప్రాణము పోవుట తఱచు. కావున కట్టెలు పేర్చునప్పుడు ఎడ్లను జొన్న మోళ్లలో విడువరాదు. బండికే చొప్ప కట్టుకొని పోవలెను.

వానకాలపు వరిగడ్డి కార్తీకమున చేతికి వచ్చును. దానిని బలవర్ధకము చేయుటకు 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో బాగుగా కరిగించి, పొరపొరకు చల్లి త్రొక్కి, గాలి చొరకుండ మూడు వారములు కప్పి ఉంచవలెను. పిదప కొంతసేపు ఆరబెట్టి కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. యూరియాను నేరుగా గాని, ఆ నీటిని గాని పశువు త్రాగనీయరాదు. అది విషము.

గాలికుంటు టీకా ఆరునెలలకొకసారి వేయింపవలెను. 2019 నుండి ఈ టీకాలను దేశమంతట ప్రభుత్వమే వేయించుచున్నది. ఊరికి వచ్చిన దినమున ఎడ్లు అడవిలో కట్టెల బండికి కట్టబడి యుండరాదు. మడుగుల యొద్ద మేసిన పశువులకు కార్జపు జలగ పట్టును. మేత తినుచు చిక్కు ఎద్దునకు, దవడ క్రింద వాపు గల ఎద్దునకు పేడ పరీక్ష చేయించి మందు త్రాగింపవలెను.

పని వరుస

హస్త కార్తెలో వాన తెరపి చూచి గట్లమీది కొమ్మలను కొట్టి అక్కడనే పేర్చవలెను. మాఘీ జొన్నకు ఉద్దేశించిన భూమిని ముందుగా గుంటక తోలి విత్తవలెను.

చిత్త, స్వాతి కార్తెలలో ఎడ్లు విత్తనపు పనికే ఉండవలెను. సెనగ, కుసుమ విత్తనము పదునులో పడవలెను. సెనగకు నవంబరు నడిమి వఱకు అదను కలదు గాని ముందు విత్తినదే తడిని పట్టుకొనును. ఈ దినములలో కట్టెల బండి కట్టరాదు. ఇంట కట్టె తక్కువైనచో నిరుటి మిగులు వాడవలెను. అందుకే సాలు మిగులు ఒక బండెడు ఎప్పుడును నిలువ యుంచుట మంచి గృహస్థుని లక్షణము.

విశాఖ, అనూరాధ కార్తెలలో వరి కోత, కళ్లపు తోలకము జరుగును. గడ్డివామి వేసి, మేత పదిలపఱచుకొనవలెను.

జ్యేష్ఠ కార్తె నుండి, అనగా డిసెంబరు మొదటి వారము నుండి ఎండిన కట్టెను తోలవలెను. చేనికి ఎరువు తోలిన బండి తిరుగుదారిలో వట్టిగా రాక కట్టె తెచ్చినచో ఒక తోలకమున రెండు పనులు నెఱవేరును. ఇంటి యొద్ద వామిని గోడకు ఆనింపక, మూరెడెత్తు రాళ్లమీద వేయవలెను. క్రింద పాములు, తేళ్లు చేరును గనుక కట్టె తీయువారు ముందు కఱ్ఱతో తట్టి చూచి, వెలుతురులో తీయవలెను. పాము కఱచినచో మంత్రముల కొఱకు కాలము గడపక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

ఈ వరుసను పాటించుటకు రైతు క్రొత్తగా పెట్టవలసిన ఖర్చు లేదు. కొట్టు దినమును, తోలు దినమును వేఱుచేయుట మాత్రమే వలయును. అంతటితోనే యాసంగి విత్తనము అదనున పడును, ఎద్దు మెడ చెడదు, పేడ చేనికి దక్కును, ఇంట పొయ్యి పొగ లేక మండును.